మనోళ్ళు ఎవరు? మిరప చేలో తేలవలసిన లెక్క

ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుందని సామెత. సంక్రాంతి దాటాక, మిరప కోతల కాలంలో, బూర్గంపాడు నుండి దుమ్ముగూడెం, చర్ల దాకా గోదావరి ఒడ్డున ఒకసారి తిరిగి చూడండి. ఆ సామెత చేలల్లో కనపడుతుంది.

మేము చూసిన చేను ఒకటి చెబుతాం. ఒక మూలన హరిజనవాడ ఆడకూలీలు కాయ కోస్తున్నారు. ఇంకో మూలన కోయగూడెం ముఠా. బోరు దగ్గర తండా నుండి వచ్చిన లంబాడీలు. గట్టు అవతల పరదా పట్టాలు కట్టుకొని, పిల్లా జెల్లాతో సహా దిగిన గుత్తికోయ కుటుంబాలు. వాళ్ళు సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం సద్ది విప్పే వేళకు నాలుగు చెట్ల కింద నాలుగు గుంపులు చేరాయి. ఒక చెట్టు కింది మనిషి ఇంకో చెట్టు కిందికి పోలేదు. మంచినీళ్ళ బిందెలు కూడా నాలుగు.

చేను ఒకటే. కాయ ఒకటే. సాయంత్రానికి చేతులు మండే మంట ఒకటే. కానీ కూలి ఒకటి కాదు. ఒక ముఠాకు రోజు కూలి, ఇంకో ముఠాకు కిలో లెక్క. ఒకరికి ఆటో కిరాయి రైతు పెట్టుకుంటాడు, ఇంకొకరికి కూలిలో కోస్తాడు. గుత్తికోయలకు వారం చివర మేస్త్రీ చేతుల మీదుగా ఎంత అందితే అంత.

"అందరూ కలిసి ఒకచోట కూచోరేం?" అని ఒక ముసలమ్మను అడిగాం.

"ఎవరోళ్ళు ఆళ్ళతోటే గదయ్యా కూచునేది. ఆళ్ళ మాట మాకు రాదు, మా మాట ఆళ్ళకు రాదు" అన్నది. కాసేపు ఆగి, "ఆళ్ళొచ్చినంక మా కూలి పెరగలేదు. ఇంకేం కూచుంటం?" అన్నది.

ఈ రెండు మాటల మధ్యనే మనం ఈవేళ ఆలోచించవలసిన విషయమంతా ఉన్నది.

పోలిక వల్ల పొత్తు

తనలాంటి వాడితోనే మనిషి స్నేహం కడతాడు. ఒకే మాట, ఒకే తిండి, ఒకే దేవత, ఒకే రకం కష్టం ఉన్నవాళ్ళు దగ్గరౌతారు. ఇది కోయగూడేనికో తండాకో అంటిన జబ్బు కాదు. పట్నాలలోని పెద్ద ఉద్యోగులు, డాక్టర్లు, వ్యాపారస్తులు కూడా తమలాంటి వాళ్ళతోనే తిరుగుతారు, వాళ్ళతోనే వియ్యమందుతారు. అమెరికాలో లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు రెండు కార్మిక నివాసాలలో ఎవరు ఎవరితో స్నేహం చేస్తున్నారో పరిశీలించి, 1954లో ఈ స్వభావానికి ఒక పేరే పెట్టారు. వాళ్ళు చెప్పినదాంట్లో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది. పోలిక రెండు రకాలన్నారు. కులం, జాతి, మతం, హోదా వంటి వాటిని బట్టి వచ్చే పోలిక ఒకటి. ఆలోచనను, విలువలను బట్టి వచ్చే పోలిక రెండవది. ఈ రెండవ పోలిక పుట్టుకతో వచ్చేది కాదు, మనుషులు కలిసి బతికి, కలిసి పోరాడి సంపాదించుకొనేది.

మొదటి రకం పోలికను మేము తక్కువ చేసి మాట్లాడబోము. పేదవాడికి బ్యాంకు లేదు, బీమా లేదు. జబ్బు చేస్తే ఆదుకొనేది తన గూడెమే. 2005లో బస్తరు ప్రాంతంలో సల్వాజుడుం పేరిట ఊళ్ళు తగలబడినప్పుడు, వేలాది మంది అడవుల వెంబడి నడిచి ఖమ్మం, వరంగల్లు జిల్లాలకు వచ్చారు. వారి భుజం మీద చెయ్యి వేసింది ఏ ప్రభుత్వం? ముందు వచ్చి గుడిసె వేసుకొన్న బంధువే వెనక వచ్చినవాడికి ఇంత చోటు చూపించాడు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేటప్పటికి 2011 జూలై వచ్చింది. ఆ ఆరేళ్ళూ ఆ జనాన్ని బతికించింది "మనోళ్ళు" అన్న మాటే.

కనుక సొంతవాళ్ళతో కలిసి ఉండటం తప్పు కాదు. ఆ గీత ఎక్కడ గీశారు, ఎవరు గీశారు, గీసినందువల్ల ఎవరి గాదె నిండింది అన్నదే ప్రశ్న.

గీత గీసింది ఎవరు?

మాట వేరు కనుక విడిగా కూచున్నామంటుంది ఆ ముసలమ్మ. నిజమే, లంబాడీ మాట వేరు, కోయ మాట వేరు. కానీ ఇక్కడి కోయవారి మాటకు, సరిహద్దు అవతలి నుండి వచ్చినవారి మాటకు దగ్గరి చుట్టరికం ఉన్నది. గట్టులు, పండుగలు, వేల్పుల కథలు దగ్గర దగ్గర. గుత్తికోయలనే పేరు కూడా ఇతరులు పెట్టినదే. అయినా మిరప చేలో ఎక్కువ గొడవ పడుతున్నది ఈ ఇద్దరే! అంటే ఏమిటి? మాట, జాతి కలిసినంత మాత్రాన మనుషులు కలవటం లేదు. కూలి దగ్గర, భూమి దగ్గర పోటీ పెడితే సొంత జాతివాడే పరాయివాడౌతున్నాడు. పోటీ పెట్టినవాడు మాత్రం గట్టు మీద గొడుగు కింద కూచున్నాడు.

ఇంకో సంగతి. కోయవారి కట్టుబాటులో ఒక గట్టువారు అదే గట్టులో పెళ్ళి చేసుకోరు. మూడో గట్టు పిల్లకు ఇంకో గట్టులో సంబంధం చూడవలసిందే. తనలాంటి వాడితోనే ముడిపడితే బంధుత్వం పెరగదని, పక్కవాడితో ముడిపడితేనే బలగం పెరుగుతుందని ఆ కట్టుబాటులోనే ఉన్నది. ఈ తెలివి అడవిలో మనకు పాతదే.

మరి దూరాలెక్కడివి? హరిజనవాడను ఊరికి ఎడంగా పెట్టింది వాడ జనం కాదు. పోడు కొట్టుకొని లోపల బతికే కోయలను వెనక్కి, ఇంకా వెనక్కి నెట్టింది వాళ్ళు కాదు. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో పైవాళ్ళు నిర్ణయించారు. ఆ తరువాత, పక్కపక్కన ఉన్నవాళ్ళే స్నేహితులౌతారు గనుక, "చూశారా, వాళ్ళకు వాళ్ళే కలుస్తారు, అది వాళ్ళ స్వభావం" అని కూడా పైవాళ్ళే అంటున్నారు.

కొట్లాటలో పోయిందెవరికి?

గత చరిత్ర కాస్త చూద్దాం. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనరాదని 1959లో చట్టం వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణకు వర్తింపజేశారు. 1970 నాటి ఒకటవ నెంబరు సవరణతో, అదే మనం 1/70 అని పిలిచే చట్టంతో, ఏజెన్సీలో భూమి బదలాయింపు మొత్తం గిరిజనేతరులకు నిషిద్ధమైంది. కౌలు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. అయినా గోదావరి లంకల్లో, ఒడ్డు భూముల్లో మిరప వేయిస్తున్నదెవరు? కాగితం మీద గిరిజనుడి పేరు, చేలో పెట్టుబడి ఇంకొకరిది. సొంత భూమిలోనే కూలికి పోతున్న కోయ రైతులు ఎందరో! ఆ రైతుకు కోపం రావలసింది ఎవరి మీద? తన పక్క సాలులో తనకన్నా తక్కువ కూలికి కాయ కోస్తున్న వలస కూలీ మీదా?

కోయ, లంబాడీ తగాదా చూడండి. తెలంగాణ ప్రాంతపు లంబాడీలను 1976 సవరణ చట్టంతో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. చదువులోను, ఉద్యోగాలలోను తమ వాటా తరిగిపోతున్నదని కోయలు, గోండులు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. 2017లో అది పెద్ద ఆందోళనే అయ్యింది. ఆ బాధలో న్యాయం లేదని మేము అనం. లోపలి గూడెంలో బడి లేకపోతే వాటా పుస్తకంలోనే ఉంటుంది. కానీ ఈ తగాదా సాగుతుండగానే ఏమైందో గుర్తు చేసుకోండి. ఏజెన్సీ బడులలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి 3వ నెంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ రోజు పోయింది కోయకూ పోయింది, లంబాడీకీ పోయింది. ఇంట్లో రెండు ముద్దల కోసం తన్నుకుంటుండగా కుండే పోయింది.

పోడు సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు ఇచ్చింది. గిరిజనేతర పేదలు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అడవిలో బతికినట్టు రుజువు చూపించాలి. 2023 జూన్ 30న తెలంగాణలో సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు, పక్క చెలకలోనే అరక దున్నిన దళితుడు, బీసీ పేదవాడు చేతులు కట్టుకొని నిలబడి చూశారు. తేదీ దాటి వచ్చిన గుత్తికోయల పేరు లెక్కలోనే లేదు. ఒకే అడవిని నమ్ముకున్న పేదలు కాగితాన్ని బట్టి మూడు రకాలైపోయారు. కాగితం దొరికినవాడు దొరకనివాడికి దూరమయ్యాడు.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు వివాదం వద్ద ఒక అటవీ రేంజి అధికారిని నరికి చంపారు. అది దారుణం. విధి నిర్వహణలో ఉన్న ఒక ఉద్యోగి ప్రాణం తీయటాన్ని శ్రామికులెవరూ సమర్థించరు. చేసినవారికి శిక్ష వేయటం కోర్టు పని. కానీ ఆ వెంటనే గుత్తికోయలందరినీ తరిమివేయాలని స్థానిక పంచాయతీలో తీర్మానం చేశారు. కొందరు చేసిన నేరానికి చంటిబిడ్డ తల్లి కూడా దోషేనట! "ఆళ్ళంతా అంతే" అన్న మాట ఎంత దూరం పోతుందో ఇది చూసైనా మనం నేర్చుకోవాలి. ఈ రోజు గుత్తికోయను అన్న మాట నిన్నటి దాకా కోయను, లంబాడీని, మాలమాదిగలను అన్న మాటే.

చెరకు తోటల పాఠం

ఇది మన దగ్గర పుట్టిన ఎత్తుగడ కాదు. హవాయి దీవుల చెరకు తోటల యజమానులు చైనా, జపాన్, పోర్చుగల్, కొరియా, ఫిలిప్పీన్స్ దేశాల నుండి కూలీలను తెచ్చారు. దేశానికొక శిబిరం కట్టి వేరువేరుగా ఉంచారు. ఒకే పనికి జాతిని బట్టి వేరువేరు కూలి ఇచ్చారు. 1909లో జపాన్ కూలీలు ఒంటరిగా సమ్మె చేస్తే, మిగతా జాతుల కూలీలను దింపి విరగ్గొట్టారు. 1920లో జపాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు కలిసి సమ్మె చేశారు కానీ ఎవరి సంఘం వారిదే. అదీ ఓడింది. 1946లో అన్ని జాతుల కూలీలూ ఒకే సంఘంలో చేరారు. ఒకే వంటశాల పెట్టి, సభలో చెప్పిన మాటను ఆయా భాషల్లోకి మార్చి చెప్పించుకొని, 79 రోజులు సమ్మె నడిపి గెలిచారు. వాళ్ళు తమ భాషను, పండుగను వదులుకోలేదు. కూలి దగ్గర మాత్రం ఒకటయ్యారు.

అంత దూరం పోనక్కరలేదు. మన అడవే సాక్ష్యం. 1948 సెప్టెంబరు తరువాత తెలంగాణ సాయుధ పోరాట దళాలు మైదానం నుండి ఇల్లందు, పాల్వంచ, ములుగు అడవుల్లోకి వచ్చాయి. వచ్చినవాళ్ళ మాట వేరు, కులం వేరు, తిండి వేరు. అయినా వెట్టి దగ్గర, ఫారెస్టువాళ్ళ జులుం దగ్గర ఇద్దరి లెక్కా ఒకటైంది. కోయగూడేలు వాళ్ళకు అన్నం పెట్టాయి. ఆ బంధం తెంచటానికి ఆనాటి ప్రభుత్వం ఏమి చేసింది? గూడేలను ఖాళీ చేయించి, తగలబెట్టి, కోయలను రోడ్ల పక్క శిబిరాలకు తోలింది. ఎవరితో ఎవరు కలిస్తే ప్రమాదమో పాలకులకు బాగా తెలుసు. మనకే ఆ సంగతి మరుపు వస్తున్నది.

తునికాకు సంగతి కూడా మన కళ్ళ ముందు జరిగిందే. 50 ఆకుల కట్టకు పైసలలో లెక్క కట్టిన రోజులుండేవి. ఈనాడు అది రూపాయలకు చేరింది. కంట్రాక్టరుకు జాలి కలిగి పెంచలేదు. గూడెం, తండా, పల్లె కలిసి ఒకే రోజున "ఈ రేటుకు కోయం" అని కల్లం దగ్గర కట్టలు వేయటం మానేశాయి. కల్లేదారుకు ఏ గూడెం కట్ట, ఏ తండా కట్ట అని ఏరుకొనే వీలు లేకపోయింది. ఆకుకు కుదిరిన ఐక్యత కాయకు ఎందుకు కుదరదు?

మన ఇంట్లోనూ చూసుకోవాలి

ఇక్కడ మన తప్పు మనం ఒప్పుకోవాలి. సంఘాలలో పనిచేసే మేము కూడా మాలాంటి వాళ్ళ దగ్గరికే ఎక్కువగా పోతున్నాం. మీటింగు రోడ్డు పక్క ఊళ్ళో పెడతాం, బస్సు దొరుకుతుందని. తెలుగులో మాట్లాడతాం, మాకు సులువని. తెలిసిన నలుగురి ఇళ్ళలోనే అన్నం తింటాం. కమిటీ వేస్తే ఆ నలుగురి పేర్లే వస్తాయి. చేలో కాయ కోసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళయితే, కమిటీలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. పరదా పట్టాల కింద ఉన్న వలస కూలీల దగ్గరికి కరపత్రం పట్టుకొని పోయిన కార్యకర్తలు ఎందరు? "వాళ్ళు రారండీ" అంటాం. పిలిచామా మనం?

పోయిన చోట ఏమి జరిగిందో కూడా చెబుతాం. ఒక సాయంత్రం కోయమాట వచ్చిన ఒక కుర్రవాడిని వెంటబెట్టుకొని ఆ గట్టు అవతలికి వెళ్ళాం. మొదట ఎవరూ నోరు విప్పలేదు. పోలీసులనో ఫారెస్టువాళ్ళనో అనుకున్నారు. "మీకు కిలోకు ఎంత ఇస్తున్నరు మావా?" అని కుర్రవాడు వాళ్ళ మాటలో అడిగాడు. చెప్పారు. అదే చేలో ఇవతలివాళ్ళకు ఎంతో అతను చెప్పాడు. ఒక పెద్దాయన చాలాసేపు నేలకేసి చూశాడు. "మీకు తక్కువని మాకు చెప్పిండు మేస్త్రీ" అన్నాడు. ఇవతలివాళ్ళకేమో "వాళ్ళు ఇంతకంటే తక్కువకే వస్తరు" అని చెబుతూ వచ్చాడు ఆ మేస్త్రీయే. రెండు చెట్ల నడుమ ఉన్న నలభై అడుగుల దూరమే అతని కమీషను!

మర్నాడు అద్భుతమేదీ జరగలేదు. మధ్యాహ్నం మళ్ళీ నాలుగు చెట్ల కిందే కూచున్నారు. కానీ సాయంత్రం కాటా దగ్గరికి రెండు ముఠాల మనుషులూ కలిసి వెళ్ళారు. తూకం ఇద్దరి ముందూ జరిగింది. కోత కింద తరుగు తీయటం ఆ రోజు ఆగింది. చిన్న విషయమే. మొదలు మాత్రం అదే.

చేయవలసిన పనులు

సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! వచ్చే కోతలకు ముందుగానే మనం కొన్ని పనులు చేసుకోవాలి.

కోత మొదలు కాకముందే గూడెం, తండా, పల్లెల ముఠా పెద్దలు ఒకచోట కూచొని ఒకే రేటు తేల్చుకోవాలి. కిలో లెక్కకు, రోజు లెక్కకు ఎంతో అందరికీ తెలిసేట్టు చెప్పాలి. ఆ రేటు వలస వచ్చినవాళ్ళకూ వర్తించాలి. "బయటివాళ్ళను రానివ్వం" అనే నినాదం మనది కాకూడదు. వాళ్ళు రాకుండా ఆపలేం, ఆకలి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగదు. తక్కువకు పనిచేయకుండా ఆపగలం, అదీ వాళ్ళతో కలిస్తేనే. 1948 నాటి కనీస వేతనాల చట్టం నుండి నేటి దాకా, పుట్టుకను బట్టి కూలి తగ్గించమని చెప్పిన చట్టం లేదు.

కాటా దగ్గర ప్రతి ముఠా నుండి ఒక మనిషి ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్ళు కావాలి. సభ పెడితే ఒకసారి గూడెంలో, ఒకసారి తండాలో, ఒకసారి వాడలో పెట్టాలి. ఎక్కడ పెడితే అక్కడి మాట ముందు, తెలుగు తరువాత. చెప్పినదాన్ని మార్చి చెప్పే పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చదువుకొని మన మధ్యనే ఉన్నారు. వాళ్ళకు ఈ పని అప్పగించాలి.

వలస వచ్చినవాళ్ళ పిల్లల బడి కోసం, వారి గుడిసెకు మంచినీళ్ళ కోసం ఇక్కడివాళ్ళే అర్జీ పెట్టాలి. కోయ, లంబాడీల మధ్య ఉన్న వాటా తగాదాను వీధికి ఎక్కించకుండా, లోపలి గూడేలకు బడి, హాస్టలు, ఉద్యోగం రావాలని ఇద్దరూ కలిసి అడగాలి. పేదవాడు పేదవాడి ముద్దలో వాటా అడిగితే రెండు పొట్టలూ నిండవు.

మన పండుగ మనం చేసుకుందాం, మన పాట మనం పాడుకుందాం. సద్ది ఏ చెట్టు కింద తిన్నా ఫరవాలేదు. కాటా దగ్గరికి మాత్రం కలిసి పోదాం. ఒకే మంట పుట్టే చేతులు ఒకే గూటివని అప్పుడు తెలుస్తుంది.